పసుపు తూనీగలన్నీ ఒకటి కావు

(తిరుపతిలో ప్రకృతి ఫోటోలు తీసే ఔత్సాహికులు, డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మీరు పంపిన ఫోటోలు చూశాను. అవిలాల చెరువు గట్టు, పేరూరు చెరువు, స్వర్ణముఖి ఒడ్డు, కల్యాణి డ్యామ్ దిగువ, తలకోన దారి... ఎక్కడెక్కడివో ఉన్నాయి. ఎర్ర తూనీగలు, నీలం తూనీగలు, నలుపు తెలుపు రెక్కల తూనీగలు కన్నుల పండువగా ఉన్నాయి. వాటికి మీరు రాసిన పేర్లు కూడా చాలావరకు సరిగ్గా ఉన్నాయి. ఆఖరున ‘తెలియనివి’ అని ఒక ఫోల్డర్ పెట్టారు. తెరిచి చూస్తే అన్నీ పసుపు, లేత గోధుమ, పాచి రంగు తూనీగలు. వాటిలో ఎక్కువ ఆడవి. తక్కినవి ఇంకా రంగు రాని లేత మగవి. ఈ పూట నేను ఆ ఫోల్డర్ గురించే మాట్లాడతాను.

ఆడవాటిని అలా పక్కన పడేసి వెళ్ళిపోవడం నాకు బాధగా ఉంటుంది. కారణం చెబుతాను. చెరువు గట్టున కర్ర కొన మీద ఠీవిగా కూర్చుని కనిపించేది మగ తూనీగ. ఆ జాగా తనదని, ఇంకో మగది వస్తే తరుముతూ, ఆడదాని కోసం కాచుకుని ఉంటుంది. ఆడది మాత్రం రోజులో ఎక్కువసేపు నీటికి దూరంగా, పొదల్లో, చేల గట్ల మీద, తుమ్మ కంప మీద గడుపుతుంది. జత కట్టడానికి, గుడ్లు పెట్టడానికి మాత్రమే నీటి దగ్గరకు వస్తుంది. అందువల్ల ఒక చెరువు దగ్గర ఒక జాతి మగది కనబడితే, అది అక్కడికి వచ్చిందన్న సంగతి ఒక్కటే తెలుస్తుంది. ఆడది నీటిని తాకుతూ గుడ్లు విడుస్తున్న ఫోటో దొరికితే, ఆ నీటిని అది తన సంతానానికి ఎంచుకుందని తెలుస్తుంది. చెరువు బాగోగులు తెలుసుకోవాలనుకునే వాళ్ళకు ఈ రెండో సంగతి ఎంతో విలువైనది. దానికి ఆడదాని పేరు తెలియాలి కదా!

మన ఊళ్ళో మురుగు కాలువల మీద తక్కువ ఎత్తులో తిరిగే చిన్న తూనీగ ఒకటుంది. డిచ్ జ్యువెల్ అంటారు. శాస్త్రీయ నామం బ్రాకిథెమిస్ కంటామినాటా. మురికి నీటిని బాగా తట్టుకునే జాతి ఇది. దీని ఆడదీ, రడ్డీ మార్ష్ స్కిమ్మర్ అనే క్రోకోథెమిస్ సర్విలియా ఆడదీ తొలిచూపుకు ఒకే రంగులో ఉంటాయి. మురుగు చేరుతున్న చెరువులో డిచ్ జ్యువెల్ సంతతి పెరుగుతూ ఉంటే, మనం ఫోటో చూసి దానికి రెండో పేరు రాసుకుంటే, ఆ చెరువుకు మనం తయారుచేసే జాబితా అబద్ధం చెబుతుంది. పదేళ్ళ తర్వాత ఆ జాబితాను నమ్మి ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు.

ప్రపంచంలో తూనీగలు, వాటి దగ్గరి చుట్టాలైన సన్న తూనీగలు కలిపి 6,000కు పైగా జాతులున్నాయి. మన దేశంలో దాదాపు 500. సంఖ్య విని భయపడకండి. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువుల దగ్గర మాటిమాటికీ ఎదురయ్యేవి కొద్దిపాటి జాతులే. వాటిలో తికమక పెట్టే పసుపు ఆడవి ఇంకా తక్కువ. శ్రద్ధ పెడితే ఒక్క వానాకాలంలో పట్టు వచ్చేస్తుంది.

మీరు రంగుతో మొదలుపెడుతున్నారు. ఆడ తూనీగ దగ్గర రంగును ఆఖరున చూడాలి. రంగు చూసి తూనీగ పేరు చెప్పడం, చొక్కా చూసి మనిషి పేరు చెప్పడం లాంటిది. ఆ రంగు ఎలా వస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. రడ్డీ మార్ష్ స్కిమ్మర్ మగది లార్వా దశ దాటి బయటకు వచ్చినప్పుడు పసుపుగానే ఉంటుంది. ముదిరే కొద్దీ ఎర్రబడుతుంది. జపాన్‌లో ర్యో ఫుతాహాషి బృందం 2012లో ఈ మార్పు రహస్యం తేల్చింది. వాళ్ళు పరిశీలించిన జాతుల్లో మన రడ్డీ మార్ష్ స్కిమ్మర్ కూడా ఉంది. చర్మంలో ఓమ్మోక్రోమ్‌లనే వర్ణకాలు ఉంటాయి. అవి ఆక్సీకరణ చెందిన స్థితిలో పసుపుగా, క్షయకరణ చెందిన స్థితిలో ఎర్రగా కనిపిస్తాయి. పసుపు తూనీగలోకి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, ఎక్కిస్తే అది ఎర్రబడింది. అంటే పసుపు ఆడదానిలోనూ ఎర్ర మగదానిలోనూ ఉన్న సరుకు ఒకటే, దాని స్థితి వేరు. అటువంటి రంగును పట్టుకుని జాతిని తేల్చడం ఎలా కుదురుతుంది?

ఆర్థెట్రమ్ అనే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందిన తూనీగల నీలం సంగతి మరోలా ఉంటుంది. మగవాటి ఒంటి మీద మైనం లాంటి పొడి పూత ఏర్పడుతుంది. అదే మనకు నీలి బూడిద రంగుగా కనబడుతుంది. జత కట్టేటప్పుడు ఆడది కాళ్ళతో పట్టుకున్న చోట ఆ పూత గీరుకుపోయి నల్లటి గీతలు పడతాయి. మీ ఫోటోల్లో ఒకదానిలో ఆ గీతలు చక్కగా కనబడుతున్నాయి. తీసినవారెవరో గానీ దాన్ని దాచుకోండి, అది జత కట్టిన మగదానికి సాక్ష్యం. నేల మీద వాలే గ్రౌండ్ స్కిమ్మర్ ముసలి ఆడవాటికి కూడా కొంచెం ఇలాంటి పూత వస్తుంది. అప్పుడు ఆడది మగదానిలా కనబడుతుంది. వయసు కూడా రంగును మార్చేస్తుందన్నమాట.

సాయంత్రపు ఎండ సంగతి ఫోటోలు తీసే మీకు నేను చెప్పనక్కరలేదు. సూర్యుడు కిందికి దిగాక తీస్తే పసుపు తూనీగ నారింజ రంగులోకి వస్తుంది. ఫోను కెమెరా దాన్ని ఇంకొంచెం పెంచి చూపిస్తుంది.

సరే, మరి దేన్ని చూడాలి?

మొట్టమొదట ఆడదో మగదో తేల్చుకోవాలి. పసుపుగా ఉందంటే ఆడదని రాసెయ్యకండి, లేత మగది కావచ్చు. తెర మీద ఈ ఫోటో చూడండి. పక్క నుంచి తీసింది. మనం వాడుకలో తోక అనేది దాని ఉదరం. అందులో పది ఖండితాలు ఉంటాయి. రెక్కలు, కాళ్ళు ఉండే వక్షానికి ఆనుకుని ఉన్న మొదటిది చాలా పొట్టిది, తొందరలో లెక్క తప్పిపోతారు. రెండో ఖండితం అడుగున చూడండి. చిన్న బుడిపె కిందికి పొడుచుకు వచ్చి ఉంది. అది మగవాటికే ఉండే జననాంగం. ఇప్పుడు పక్క ఫోటో. అదే చోట నున్నగా ఉంది. ఇది ఆడది. అంతే, ఒక్క చోటు చూస్తే చాలు. తరువాత ఉదరం చివర. మగదానికి పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు కొక్కేలుంటాయి. జత కట్టేటప్పుడు ఆడదాని తల వెనుక భాగాన్ని వాటితోనే పట్టుకుంటుంది. ఆడదానికి పొట్టివి, మొనదేలినవి రెండే ఉంటాయి. వాటి మధ్య ఎడం ఉంటుంది.

ఆడవాటి ఉదరం అడుగున, ఎనిమిదో ఖండితం చివర, గుడ్లు వచ్చే ద్వారాన్ని కప్పే రేకు ఒకటి ఉంటుంది. రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఆడదానికి ఈ రేకు కిందికి నిక్కి ఉంటుంది. పక్క నుంచి తీసిన ఫోటోలో స్పష్టంగా తెలుస్తుంది. మీరు పంపిన వాటిలో అది కనబడే ఫోటో ఒకటి ఉంది. తీసినవాళ్ళు దాన్ని చూసుకుని ఉండరు. పెద్దది చేసి చూపిస్తాను... ఇదిగో, ఇక్కడ. ఇంత చిన్న రేకు మనకు పేరు చెప్పేస్తోంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను.

మన ఎండలు కూడా ఈ పనిలో సాయం చేస్తాయి. మిట్టమధ్యాహ్నం కొన్ని తూనీగలు ఉదరాన్ని నిట్టనిలువుగా పైకెత్తి, కొనను సూర్యుడి వైపు పెట్టి కూర్చుంటాయి. ఒంటి మీద ఎండ తక్కువ పడేలా చేసుకునే ఉపాయం అది. ఆ భంగిమలో ఉదరం అడుగు భాగం పూర్తిగా బయటపడుతుంది. మామూలుగా దొరకని రెండో ఖండితం, చివరి కొక్కేలు ఒకే ఫ్రేములో దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు గంటలకే కెమెరా సర్దేసుకుని వెళ్ళిపోకండి. నెత్తిన టోపీ పెట్టుకుని, నీళ్ళ సీసా దగ్గర ఉంచుకుని ఇంకొంచెం సేపు ఆగండి.

ఆడదని తేలింది. ఇప్పుడు కాళ్ళు చూడండి. ఇది నా గట్టి అభిప్రాయం, ఫోటోల్లో మనవాళ్ళు ఎవరూ కాళ్ళు చూడరు. కాళ్ళ రంగు ఒంటి రంగంత త్వరగా మారదు. రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఆడదాని కాళ్ళు లేత పసుపు గోధుమ రంగులో ఉంటాయి. డిచ్ జ్యువెల్‌వీ అంతే. క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్ అనే ట్రిథెమిస్ అరోరా కాళ్ళు నల్లగా ఉంటాయి. మగది గులాబీ ఎరుపులో మెరిసిపోయే తూనీగ అదే, మీరందరూ దాని ఫోటోలు తీశారు. దాని ఆడది మాత్రం మీ ‘తెలియనివి’లో చాలాచోట్ల ఉంది. పసుపు గోధుమ ఒళ్ళు, నల్ల కాళ్ళు, వక్షం పక్కన నల్లటి గీతలు, ఉదరం పక్కల పొడవునా నలుపు. ఇవన్నీ కలిసి వస్తే రడ్డీ మార్ష్ స్కిమ్మర్ అనే మాటే రాదు. దాని వక్షం పక్కన గీతలుండవు, సాదాగా ఉంటుంది.

ట్రిథెమిస్‌లోనే ఇంకొకటి, లాంగ్ లెగ్డ్ మార్ష్ గ్లైడర్. ట్రిథెమిస్ పాల్లిడినెర్విస్. పొడవాటి నల్ల కాళ్ళు, రెల్లు గడ్డి చిట్టచివర వాలే అలవాటు. దీని రెక్క మచ్చ చూడండి. రెక్క ముందంచున, కొన దగ్గర రంగుతో నిండిన చిన్న గడి ఉంటుంది కదా, అదే రెక్క మచ్చ. చాలా తూనీగలకు అది ఒకే రంగులో ఉంటుంది. దీనికి మధ్యలో నల్లగా, రెండు చివరలా మీగడ రంగులో ఉంటుంది. ఆడదైనా మగదైనా ఇదే గుర్తు. ఇక్కడితో దీని సంగతి ముగిసింది.

అసలు చిక్కు, నేను మొదట చెప్పిన జంటది: రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఆడది, డిచ్ జ్యువెల్ ఆడది. రెండింటి కాళ్ళూ లేత రంగే. రెండింటి ఒళ్ళూ పసుపే. ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం. ముందు పరిమాణం. డిచ్ జ్యువెల్ ఉదరం 2 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఉదరం 2.5 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది. ఫోటోలో కొలబద్ద ఉండదు గనుక అది వాలిన గడ్డి ఏదో, ఆకు ఏదో గుర్తుపెట్టుకోండి. ఫోటో తీశాక, తూనీగ ఎగిరిపోయాక, ఆ ఆకు వెడల్పు కొలుచుకుని రాసుకోవచ్చు. ఈ ఒక్క అలవాటు చాలా వాదనలను తప్పిస్తుంది.

తరువాత వీపు. రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఆడదానికి రెక్కల మొదళ్ళ మధ్య, వీపు నడిమిన సన్నని లేత గీత ఒకటి కనబడుతుంది. ఉదరం పై భాగాన నడుమ నల్లటి గీత సాగుతుంది. ఉదరం వెడల్పుగా, కొంచెం చదునుగా ఉంటుంది. వెనుక రెక్క మొదట్లో తేనె రంగు మచ్చ బాగా తెలుస్తుంది. డిచ్ జ్యువెల్ ఆడదాని ఉదరం మీద నడి గీతకు తోడు ఇరుపక్కలా గోధుమ రంగు గీతలు ఉంటాయి. వక్షం పక్కన కూడా మసక గోధుమ పట్టీలుంటాయి. రెక్క మొదట్లో పసుపు ఛాయ ఉన్నా లేనట్టే ఉంటుంది. మగదాని రెక్కల్లో సగానికి పైగా నిండి ఉండే నారింజ రంగు ఆడదానికి ఉండదు. అందుకే మగదాన్ని చూసిన కళ్ళతో ఆడదాన్ని చూస్తే ఇది వేరే జాతి అనిపిస్తుంది. డిచ్ జ్యువెల్ నీటి అంచున కలుపు మొక్కల మీద తక్కువ ఎత్తులో వాలుతుంది. పొద్దు వాలుతున్నప్పుడు గుంపుగా తిరుగుతుంది. ప్రవర్తన కూడా ఒక గుర్తే. దాన్ని ఫోటో చెప్పదు, మీ నోటుపుస్తకం చెప్పాలి.

వీపు గీత గురించి ఒక హెచ్చరిక. సన్నగా కాకుండా, కళ్ళ మధ్య నుంచి మొదలై వీపు మీదుగా ఉదరం మొదటి ఖండితాల దాకా వెడల్పాటి లేత పసుపు పట్టీ పరుచుకుని ఉంటే అది రోడోథెమిస్ రూఫా ఆడది. ఆ పట్టీని ఒక్కసారి చూస్తే మళ్ళీ మరిచిపోరు.

గ్రౌండ్ స్కిమ్మర్, అంటే డిప్లాకోడిస్ ట్రివియాలిస్ ఆడదాన్ని కూడా మీలో ముగ్గురు నలుగురు ఈ గుంపులో కలిపేశారు. అది ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉంటుంది. కాలిబాట మీద, మైదానంలో, మీ కళాశాల ఆవరణలో ఎండు గడ్డి మీద వాలుతుంది. నీటికి చాలా దూరంలో కూడా కనబడుతుంది. ఉదరం చివరి మూడు ఖండితాలు నల్లగా ఉండి, కొసన ఉన్న రెండు మొనలు మీగడ రంగులో కొట్టొచ్చినట్టు కనబడతాయి. నలుపు పక్కన ఆ తెలుపు మంచి గుర్తు.

ఇక వానాకాలంలో ఆకాశం నిండా తిరిగే పసుపు తూనీగలు. తూనీగలు గుంపుగా ఎగిరితే వాన వస్తుందని మన పెద్దలు అంటారే, ఎక్కువగా ఇవే. వాండరింగ్ గ్లైడర్, పాంటాలా ఫ్లావెసెన్స్. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే ప్రధానం కదా. ఆ కాలంలోనే ఇవి దక్షిణాదిన గాలివాటున సముద్రం మీదికి సాగిపోతాయి. మాల్దీవుల్లో వాటి రాకను ఏళ్ళ తరబడి గమనించిన జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్, ఇవి భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుకుంటున్నాయని 2009లో ప్రతిపాదించారు. గుప్పిట్లో పట్టే పురుగు అంత సముద్రాన్ని దాటడం! దాని ఆడా మగా రంగులో పెద్ద తేడా ఉండదు. రడ్డీ మార్ష్ స్కిమ్మర్‌తో పోల్చుకోవాలంటే వాలే తీరు చూడండి. ఇది కొమ్మను పట్టుకుని నిలువుగా వేలాడుతుంది. వెనుక రెక్క మొదట్లో చాలా వెడల్పుగా ఉంటుంది. ముందు రెక్క మచ్చ వెనుక రెక్క మచ్చ కంటే పొడవు. ఈ చివరి గుర్తు రెండు రెక్కలూ స్పష్టంగా వచ్చిన ఫోటోలోనే తెలుస్తుంది.

రెక్కల మాట వచ్చింది కనుక, ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు చెబుతాను. కొంచెం దగ్గరకు జరిగి చూడండి. ఇది ముందు రెక్క. ముందంచు మధ్యలో చిన్న నొక్కు ఉంది చూశారా? దాన్ని నోడస్ అంటారు. రెక్క మొదలు నుంచి ఆ నొక్కు దాకా, అంచు వెంబడి సమాంతరంగా మూడు ఈనెలు సాగుతున్నాయి. వాటిని కలుపుతూ అడ్డంగా చిన్న చిన్న ఈనెలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ మొదటి ఈనె నుంచి బయలుదేరి, రెండోదాన్ని దాటి, మూడోదాకా వెళుతోంది. ఇప్పుడు నొక్కుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఆఖరు అడ్డ ఈనెను చూడండి. అది రెండో ఈనె దగ్గరే ఆగిపోయింది. మూడోదాన్ని చేరలేదు. క్రోకోథెమిస్, ట్రిథెమిస్, డిప్లాకోడిస్ ఈ మూడింటికీ అలాగే ఆగిపోతుంది. ఆర్థెట్రమ్‌లకు ఆ ఆఖరుది కూడా పూర్తిగా మూడోదాకా వెళుతుంది.

ఒంటి రంగు పోనివ్వండి, ఎండకు వెలిసిపోనివ్వండి, ముసలితనం రానివ్వండి, సాయంత్రపు వెలుగు పడనివ్వండి, ఆ ఈనె మారదు. లేత గోధుమ రంగు ఆర్థెట్రమ్ ఆడదాన్ని రడ్డీ మార్ష్ స్కిమ్మర్ ఆడదానితో కలిపేసిన ఫోటోలు మీవాటిలో ఉన్నాయి. వాటన్నిటినీ ఈ ఒక్క ఈనెతో విడదీయవచ్చు. ఖర్చు లేని పని, ఫోటోను తెర మీద పెద్దది చేసుకుని ఓపిగ్గా చూడటమే.

ఆర్థెట్రమ్ అని తేలాక వాటిలో వాటిని విడదీయడం కష్టమని ముందే చెబుతున్నాను. సన్నటి నడుముతో, ఆకుపచ్చ నలుపు చారలతో ఉండే ఆర్థెట్రమ్ సబీనాకు ఆడా మగా ఒకేలా ఉంటాయి, దానితో ఇబ్బంది లేదు. ఆర్థెట్రమ్ ప్రూయినోసమ్, ఆర్థెట్రమ్ గ్లాకమ్ ఆడవి వచ్చినప్పుడు మాత్రం పై నుంచి తీసిన ఒకే ఒక్క ఫోటోతో పేరు చెప్పమని నన్ను అడగవద్దు. ‘ఆర్థెట్రమ్, ఆడది’ అని రాసి ఆపేయండి. ఆ మాట నిజం. నిజమైన సగం పేరు, ఊహించి రాసిన పూర్తి పేరు కంటే ఎంతో మేలు. తరువాత మంచి ఫోటో దొరికితే మిగతా సగం రాసుకోవచ్చు. తప్పు పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే దాన్ని దించడం చాలా కష్టం.

ఫోటో తీసే పద్ధతి గురించి మీకు నేను చెప్పేది తక్కువే. ఒక తూనీగకు ఒక ఫోటో చాలదు. పక్క నుంచి ఒకటి తప్పనిసరి. కాళ్ళు, వక్షం గీతలు, రెండో ఖండితం, కొసన ఉండే మొనలు అన్నీ అందులోనే దొరుకుతాయి. పై నుంచి రెక్కలన్నీ ఫోకస్‌లో ఉండేలా ఒకటి. వీలైతే ముఖం. పక్క నుంచి తీసేటప్పుడు కెమెరా లెన్స్ ఉదరానికి సమాంతరంగా ఉండాలి. లేకపోతే కన్ను స్పష్టంగా వచ్చి తోక మసకైపోతుంది. ఎపర్చరు 8, 11 మధ్య పెట్టుకోండి. వెనుక నేపథ్యం కరిగిపోవాలన్న మోజులో ఎపర్చరు బాగా తెరిస్తే ఫోటో అందంగా వస్తుంది, కానీ గుర్తుపట్టడానికి పనికిరాదు. ఫోను వాడేవాళ్ళు తెల్లవారుజామున వెళ్ళండి. చల్లదనానికి అవి త్వరగా ఎగరలేవు, దగ్గరకు వెళ్ళవచ్చు. మీ నీడ మాత్రం దాని మీద పడనివ్వకండి. ఒక్కో కంట్లో దాదాపు 30,000 చిన్న కన్నులుంటాయి, మనకంటే ముందే అది మన కదలికను పసిగడుతుంది.

పట్టుకుని తీయడం, చల్లబరచడానికి డబ్బాలో పెట్టడం లాంటివి చేయవద్దు. శేషాచలం అడవుల్లో అసలే కుదరదు. ఆ కొండలు శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కూడా. అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే వెళ్ళాలి, ఏ జీవినీ పట్టకూడదు. ఫోటోలో దొరకవలసినవన్నీ దొరుకుతున్నప్పుడు పట్టుకోవలసిన అవసరం ఏముంది?

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఫోన్‌లో యాప్‌కు ఫోటో ఇస్తే పేరు చెప్పేస్తోంది కదా. దాన్ని నమ్మవచ్చా?)

వాడండమ్మా, నేనూ వాడతాను. ఐనాచురలిస్ట్ లాంటి వాటిలో యంత్రం చెప్పేది సూచన. దాన్ని చూసి మనుషులు అవునని, కాదని చెబుతారు. చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఒప్పుకుంటేనే ఆ పేరు నిలుస్తుంది. మీరు కూడా ఆ చెప్పేవాళ్ళలో ఒకరు కావాలి. యంత్రం ఒక పేరు చెప్పగానే దాన్ని ఒప్పేసుకోకుండా కాళ్ళు చూడండి, రెండో ఖండితం చూడండి, ఆఖరు అడ్డ ఈనె చూడండి. మూడూ ఆ పేరుకు సరిపోతేనే సరేనండి. సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో కింద ఒక్క వాక్యం రాయండి. మన జిల్లా నుంచి అలాంటి వాక్యాలు చాలా రావాలని నా కోరిక.

(వెనుక వరుస నుంచి ఒక పెద్దాయన: మా పొలం దగ్గర సిమెంటు తొట్టిలో తూనీగ పిల్లలున్నాయి. బూడిద రంగు తూనీగలు గోడ మీద వాలుతుంటాయి. వాటిలో ఆడదేదో మగదేదో తెలియడం లేదు.)

అవి గ్రానైట్ ఘోస్ట్ అయి ఉండే అవకాశం ఎక్కువండి. బ్రాడినోపైగా జెమినాటా. రాతి మీద, గోడ మీద వాలితే కనబడకుండా కలిసిపోయే రంగు దానిది. రాతి గుంటల్లో నిలిచిన వాన నీటిలో, సిమెంటు తొట్లలో గుడ్లు పెడుతుంది. ఆడా మగా ఒకే రంగు, అందుకే మీకు తెలియడం లేదు. పక్క నుంచి ఫోటో తీసి రెండో ఖండితం అడుగున చూడండి, తెలిసిపోతుంది. ఒక్క మనవి. తొట్టి కడిగేటప్పుడు ఆ పిల్లలను ఒక బకెట్ నీళ్ళలోకి తీసి, కడిగాక మళ్ళీ అందులోనే వదలండి. దోమ పిల్లలను అవి తింటాయి.

(ఒక విద్యార్థి తన ఫోన్‌లోని ఫోటో చూపిస్తూ: సార్, ఇది నిన్న రాయలచెరువు దగ్గర తీశాను. పసుపుది. క్రోకోథెమిస్ ఆడదేనా?)

ఏదీ, తెర మీదికి పంపండి. పై నుంచి తీశారు. కాళ్ళు కనబడటం లేదు. రెక్కలు మాత్రం చాలా బాగా వచ్చాయి. ముందు రెక్క పెద్దది చేద్దాం... నొక్కు ఇక్కడ. ఆఖరు అడ్డ ఈనె రెండోదాని దగ్గరే ఆగింది. ఆర్థెట్రమ్ కాదు, తేలిపోయింది. వీపున సన్నని లేత గీత ఉంది. ఉదరం వెడల్పుగా, నడుమ నల్లటి గీతతో ఉంది. వెనుక రెక్క మొదట్లో తేనె రంగు మచ్చ కూడా ఉంది. క్రోకోథెమిస్ సర్విలియా అని రాసుకోండి. ఆడదేనా అంటే, ఈ కోణంలో రెండో ఖండితం అడుగు కనబడదు, కొసన ఉన్న మొనలు మసకగా ఉన్నాయి. లేత మగది కూడా ఇలాగే ఉంటుంది. పక్క నుంచి తీసినది ఉందా? ఉందా! అయితే అది కూడా పంపండి, చూద్దాం.